తెల్ల వెంట్రుక రోగం కాదు

అద్దంలో తొలి తెల్ల వెంట్రుక కనబడగానే చాలామంది కంగారుపడతారు. కానీ వయసుతో జుట్టు నెరవడం జబ్బు కాదు. వెంట్రుక కుదురులోని మెలనోసైట్లు అనే కణాలు మెలనిన్ అనే రంగు పదార్థాన్ని తయారుచేసి, పెరుగుతున్న వెంట్రుకకు అందిస్తాయి. అందులో యూమెలనిన్ ఎక్కువైతే నలుపు, ఫియోమెలనిన్ ఎక్కువైతే ఎరుపు. వయసు పెరిగేకొద్దీ ఈ కణాల నిల్వ తరిగి, వెంట్రుక రంగు లేకుండానే పెరుగుతుంది. ఒకటి పీకితే పది నెరుస్తాయన్న మాట కూడా నిజం కాదు. ఏ కుదురు లెక్క దానిదే.

మరి దిగులుతో జుట్టు నెరవదా అంటారేమో. తీవ్రమైన ఒత్తిడి ఎలుకల్లో మెలనోసైట్ల మూలకణాలను ఖాళీ చేస్తుందని 2020లో హార్వర్డ్ శాస్త్రవేత్తలు చూపారు. అయినా మనుషుల్లో వంశపారంపర్యం పాత్రే పెద్దది. పాతికేళ్లలోపే నెరిస్తే మాత్రం తేలిగ్గా తీసుకోకూడదు. విటమిన్ బి12 లోపమో థైరాయిడ్ సమస్యో ఉండవచ్చు. బి12 లోపమే కారణమైతే, చికిత్సతో కొందరికి నలుపు తిరిగొస్తుంది. ఇక నూనెల సంగతంటారా, కుదురు దాటి బయటికొచ్చిన వెంట్రుకలో జీవకణాలు ఉండవు కాబట్టి ఏ నూనె రాసినా అందులో మెలనిన్ పుట్టదు. రంగు వేసుకోవడం మీ ఇష్టం. అయితే ముందు చెవి వెనక కాస్త రాసి, రెండు రోజులు దురద, వాపు రాలేదని తేల్చుకోండి. చిన్న వయసులోనే నెరిస్తే, నూనె సీసా కొనేముందు రక్తపరీక్ష చేయించుకోండి.