మరల పరుగెత్తుట

దేహమును ప్రేమింపవలెనా, జయింపవలెనా యను ప్రశ్న మన దేశమున క్రొత్తది కాదు. దానిని తోలుతిత్తియని నిందించి, దానినుండి విముక్తిని గోరిన విరాగుల పలుకులు మన యిండ్లలో నిప్పటికిని వినబడుచునే యున్నవి. నేటి నాగరకులు ఆ విరాగులను చూచి నవ్వుదురు. కాని ముంజేతికి గడియారము కట్టుకొని, నిన్నటికంటె నేడు పది సెకండ్లు ఆలస్యమైనదని తన కాలిని తిట్టుకొను యువకునికిని ఆ విరాగికిని భేదమెంత? ఇద్దఱికిని దేహము పరాయిదే. ఒకడు దానిని విడిచిపెట్టగోరును. మఱియొకడు దానిచేత వెట్టిచాకిరి చేయింపగోరును. కాలికి శస్త్రచికిత్స జరిగిన పిమ్మట మరల పరుగెత్తనెంచు వానికి ఈ రెండు మతములును పనికిరావని మా యభిప్రాయము.

రెండేండ్ల క్రిందట మా కుడిమోకాలి క్రిందనుండు పెద్ద యెముక విఱుగగా, వైద్యులు దాని మూలుగనాళములో నొక లోహపుకడ్డిని దింపి, పైని క్రిందను మరలు బిగించిరి. ఆ కడ్డి యెముకను అతికించునని మేమెల్లరమును తలంతుము. అది కదలకుండ పట్టియుంచును, అంతే. అతుకుపని దేహము తానే చేసికొనును. విఱిగినచోట మొదట మెత్తని పదార్థమొకటి పుట్టును. కొన్ని వారములకు అది గట్టిపడును. తరువాత నెలల తరబడి, ఒక్కొక్కరికి ఏండ్ల తరబడి, ఎముక తన్నుతాను చెక్కుకొని తీర్చుకొనుచుండును. ఎముక తనపై బడు భారమును బట్టి తన కట్టడమును మార్చుకొనునని జర్మను వైద్యుడు యూలియస్ వోల్ఫ్ 1892లో ప్రకటించెను. భారమే లేనిచో అది పలుచబడును, మితిమీఱినచో చిట్లును. పరుగెత్తునపుడు ప్రతి యడుగునను మన బరువునకు రెండు మూడింతల భారము కాలిపై బడుచుండును. కావున రోగి చేయవలసినది మిక్కిలి సున్నితమైన బేరము: కాలికి చాలునంత కష్టము పెట్టవలెను, చాలించుమన్నప్పుడు చాలింపవలెను. తొడకండ సంగతి మఱియు చిత్రము. అది కొన్ని వారములలోనే సన్నగిలును; మరల నిండుటకు నెలలు పట్టును.

మాకు అనుజ్ఞ లభించిన దినమున మేము పరుగెత్తినది ఒక్క నిమిషము. పిమ్మట రెండు నిమిషములు నడక, మరల ఒక నిమిషము పరుగు. చేతికఱ్ఱతో నడచు పెద్దమనిషి యొకరు మమ్ము దాటిపోవుచు, ఆశీర్వదించినట్లు చేయియెత్తిరి. ఇరుగుపొరుగువారు "పూర్వపు కాలు వచ్చినదా?" యని యడుగుచుండిరి. ఆ ప్రశ్నలో దయ కలదు. కాని పూర్వపు కాలు ఎవరికి వచ్చును? ఏ కత్తియు తగులనివానికైనను నలువదవ యేట ఇరువదవ యేటి కాలు రాదుగదా.

కెనడా దేశీయుడగు టెర్రీ ఫాక్స్‌నకు 1977లో, పదునెనిమిదేండ్ల ప్రాయమున, క్యాన్సరువలన కుడికాలు మోకాలిపైనుండి తీసివేయబడెను. 1980లో నతడు ఆ వ్యాధి పరిశోధనకై విరాళములు ప్రోగుచేయ సంకల్పించి, కృత్రిమపు కాలితో 143 దినములలో 5,373 కిలోమీటర్లు పరుగెత్తెను. వ్యాధి ఊపిరితిత్తులకు ప్రాకగా నిలిచిపోవలసివచ్చెను; మఱుసటి యేడు మరణించెను. అందఱు నాతని ధైర్యమును పొగడుదురు. మేము ఆతని యడుగును చూడుమందుము. ఆ కృత్రిమపు కాలు వెనుకనుండి ముందునకు వచ్చులోపల మంచికాలిపై రెండు గంతులు వేయవలసివచ్చెడిది. అట్టి పరుగు ఏ క్రీడాశాలలోను నేర్పబడదు. తనకు మిగిలిన దేహము ఎట్లు పరుగెత్తగలదో దానినే యడిగి తెలిసికొన్న పరుగది.

మన తెలుగువారికి సుధాచంద్రన్ మాట చెప్పనక్కఱలేదు. 1981లో ప్రమాదమున కాలు పోగొట్టుకొని, జైపూరు పాదముతో మరల నాట్యమాడిన యామె కథ 'మయూరి' యను చలనచిత్రమై, ఆమెయే నటింపగా, 1985లో తెలుగునాట ప్రదర్శింపబడెను. ఇట్టి కథలు మేలు చేయును. కొంచెము కీడును చేయును. తెరమీద కొన్ని గంటలలో ముగిసిన కష్టమును చూచినవారు, ఇంట మంచముమీది మనిషి మూడవ నెలలో కంటతడి పెట్టినచో "ఆమెను చూచి నేర్చుకోరాదా" యని గద్దింతురు.

అంగీకరించుట యనగా సోమరితనమునకు గౌరవమైన పేరని యాక్షేపించువారు కలరు. వారినొక్కటి యడిగెదము. ఇంట పనిచేయునామె జ్వరమునుండి లేచివచ్చిన తొలిదినముననే బండెడు గిన్నెలు ముందువేయు యజమానురాలిని మనము మెచ్చుకొందుమా? ఆమెకు తేలికపని యిచ్చి, బలము వచ్చినకొలది పెంచు యిల్లాలిని సోమరితనము నేర్పుచున్నదందుమా? పరులపట్ల న్యాయమని తోచినది మన కాలిపట్ల బలహీనతగా నేల తోచవలెను?

ఈ విషయమున ఆడుపిల్లల గతి వేఱు. మా వీథిలో కబడ్డీ యాడు బాలిక యొకతెకు మోకాలిలోని బంధనము తెగి శస్త్రచికిత్స జరిగినది. చూడవచ్చిన బంధువులలో ఒక్కరైనను ఆమె మరల ఎన్నడు ఆడునని యడిగినవారు లేరు. గాటు ఎంత పొడవు, అది మాసిపోవునా, పెండ్లిచూపులనాటికి కనబడునా యనునవే ప్రశ్నలు. మగవాని కాలిమీది గాటు కబుర్లకు పనికివచ్చును. ఆడుపిల్ల కాలిమీదిది దాపఱికమునకు. తన కాలు పరులు చూచుటకే యున్నదని చిన్ననాటనుండి విన్నపిల్ల దానిని తనదిగా నెట్లు అంగీకరించును? తన కాలిలో నొప్పియున్నదని చెప్పుటకైన ఆమెకు సిగ్గే.

ఆ బాలికకు వైద్యులు తొమ్మిదినెలల గడువు చెప్పిరి. తల్లి దినదినము కాలికి వ్యాయామము చేయించినది. ఈ యేడు ఆమె మోకాళ్లపై లాగు తొడిగికొని ఆటస్థలమునకు పోవుచున్నది. గాటు అందఱికిని కనబడుచునే యున్నది. నాయనమ్మకిది ఇప్పటికిని సమ్మతము కాదు. కాని సాయంకాలము మనుమరాలు వచ్చుసరికి మోకాలికి పెట్టుటకు మంచుగడ్డలు గిన్నెలో తీసియుంచునది ఆమెయే.