ఉసూరు ఆడవాళ్ళకు ఎన్ని గదులు కట్టాలి?

జైళ్ళలో ఆడవాళ్ళు పెరుగుతున్నారు, గదులు చాలడం లేదు, కొత్తవి కట్టాలి అంటున్నారు. వినడానికి న్యాయంగానే ఉంది. ప్రపంచం మొత్తం మీద 2000 నుంచి రెండు దశాబ్దాల్లో మగ ఖైదీల సంఖ్య 22 శాతం పెరిగితే, ఆడ ఖైదీల సంఖ్య దాదాపు 60 శాతం పెరిగింది. మన దేశంలో 2022 చివరికి 23,772 మంది మహిళలు జైళ్ళలో ఉన్నారు. ఇరుకు గదిలో ఉన్న మనిషికి నీళ్ళు, చోటు, మరుగు ఇవాళే కావాలి. దాన్ని వాయిదా వేయమని మేము అనము. అయితే దుఃఖం ఎక్కడుంటే దాని కారణం అక్కడ వెతకమన్నాడు కదా బుద్ధుడు. జైలు దేనితో నిండుతోంది?

ఉసూరు బీజాపూర్ జిల్లాలో, తెలంగాణ సరిహద్దు కొండలకు దగ్గరగా ఉంది. అక్కడి దోర్లా మాటలో తెలుగు వినిపిస్తుంది. కోర్టు మాత్రం హిందీలో నడుస్తుంది. అక్కడి స్త్రీని జగదల్‌పూర్ సెంట్రల్ జైలులో పెడితే, బీజాపూర్ చేరాక కూడా ఇంకో 150 కిలోమీటర్లకు పైగా పోవాలి. కూలి మానుకొని చూడటానికి ఎవరు వెళ్తారు? జామీను కాగితాలు ఎవరు తెస్తారు?

2017 ఏప్రిల్ 24న సుక్మా జిల్లా బుర్కాపాల్ దగ్గర 25 మంది సీఆర్‌పీఎఫ్ జవాన్లు చనిపోయారు. వారి ఇళ్ళ దుఃఖం చిన్నది కాదు. ఆ కేసులో 121 మంది ఆదివాసీలను 2022 జూలైలో కోర్టు నిర్దోషులని వదిలింది. దంతేవాడ ఉపాధ్యాయురాలు సోనీ సోరి 2011లో అరెస్టయి జగదల్‌పూర్, రాయ్‌పూర్ జైళ్ళలో గడిపారు. ఎస్సార్ కేసులో ఆమె నిర్దోషి అని తేలింది కూడా 2022లోనే. లోపల ఉన్నంతకాలం వీళ్ళంతా జైలు రిజిస్టర్లో తలల లెక్క. ఆ లెక్క చూసి బ్యారక్ కడితే ఆలస్యానికి గోడలు కట్టినట్టే.

కర్నూలు జిల్లా ఎర్రగుడి బండ మీద అశోకుని శాసనాలున్నాయి. వాటిలో ఐదవది ధర్మమహామాత్రులకు ఒక పని చెబుతుంది: ఖైదీల్లో పిల్లలున్నవారెవరో, ముసలివారెవరో చూసి వారి విడుదలకు పాటుపడాలి. (అశోకుడు జైళ్ళు మూసేయలేదు, మరణశిక్ష కూడా తీసేయలేదు. అదీ చెప్పుకోవాలి.) ఆచార్య నాగార్జునుడు శాతవాహన రాజుకు రాశాడని చెప్పే రత్నావళి ఇంకో అడుగు వేసింది. బలహీనులను కొద్ది రోజుల్లోనే వదిలేయమంది, మిగిలినవారిని కూడా ఎప్పటికీ వదలనివారిగా చూడొద్దంది. లోపల ఉన్నంతకాలం తిండి, స్నానం, మందు, బట్ట, చివరికి మంగలి కూడా లోటు కాకూడదంది. మనవాళ్ళు విడుదలా వసతా అని వాదించుకుంటారు గానీ, ఆచార్యుడు రెండూ ఒకే చోట అడిగాడు. వరుసలో మాత్రం విడుదలే ముందుంది.

కొత్త గదుల ప్రణాళిక వేసే అధికారి కూడా ఆ వరుసే పాటించాలి. విచారణ ఎన్నేళ్ళుగా సాగుతోంది, దుబాసీ ఉన్నాడా, వకీలు ఎన్నిసార్లు కలిశాడు అని ఒక్కొక్క స్త్రీ గురించి ముందు రాసుకోవాలి. ఆ తర్వాత మిగిలినవారి కోసం గదులు లెక్కవేయాలి. ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ప్రతివాదిగా ఉన్న ఆర్.డి. ఉపాధ్యాయ్ కేసులో సుప్రీంకోర్టు 2006లో చెప్పినదాని ప్రకారం జైల్లో తల్లి దగ్గర బిడ్డ ఆరేళ్ళ వరకే ఉండాలి. ఏడో ఏట ఆ బిడ్డను తీసుకుపోవడానికి ఉసూరు నుంచి ఎవరు వస్తారో, బస్సు ఖర్చు ఎవరిస్తారో రాయడానికి కూడా ఆ కాగితంలో ఒక గడి పెట్టాలి.