కారణము వ్రాయవలసిన గడి



మా సంఘములో ఒక సహోదరి ఉన్నారు. భర్త చనిపోయిన తరువాత బీమా ఏజెన్సీ చేసుకొని ఇద్దరు పిల్లలను చదివించుకొంటున్నారు. ఒక ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత ఆమె నా దగ్గరకు వచ్చి, "మాస్టారూ, మీ మేనల్లుడికి నేనేమైనా తప్పు చెప్పానా? పాలసీ ఎందుకు వెనక్కి ఇచ్చేశాడు?" అని అడిగారు. నాకు ఆ సంగతి తెలియదు. కనుక్కొని చెబుతానన్నాను.

ఆ సాయంకాలమే బెంగుళూరులో ఉన్న మా చెల్లెలి కొడుకుకు ఫోను చేశాను. వాడు దాచకుండా అంతా చెప్పాడు. ఒక బ్యాంకు వాడికి కొత్త క్రెడిట్ కార్డు ఇచ్చింది. మొదటి 90 దినములలో లక్షన్నర రూపాయలు కార్డు మీద ఖర్చు చేసిన యెడల బోనస్ పాయింట్లు ఇస్తామన్నది. వాటి విలువ సుమారు 6,000 రూపాయలు. గడువు దగ్గర పడింది గాని ఇంకా 60,000 తక్కువ ఉన్నది. అక్కరలేని వస్తువులు కొనడము వాడికి ఇష్టము లేదు. క్రిస్మసుకు ఇంటికి వచ్చినప్పుడు, తెలిసిన ఆమెయే గదా అని ఆ సహోదరి ద్వారా ఒక జీవిత బీమా పాలసీ తీసుకొని, 60,000 రూపాయల ప్రీమియము కార్డుతో కట్టాడు. పాలసీ పత్రము అందిన 20వ దినమున రద్దు చేయమని కోరాడు. కొద్దిపాటి మినహాయింపులు పోగా మిగతా సొమ్ము బ్యాంకు ఖాతాలో పడింది. దానితో కార్డు బాకీ తీర్చాడు. పాయింట్లు మాత్రము వాడి దగ్గర నిలిచిపోయాయి.

"మామయ్యా, నేను చట్టము ఇచ్చిన హక్కునే వాడుకొన్నాను. ఎవరి సొమ్మూ తినలేదు. ఇందులో తప్పేమిటో చెప్పు" అన్నాడు.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోయాను. ముప్పై ఏండ్లకు పైగా పిల్లలకు పాఠము చెప్పినవాడిని, సంఘములో పెద్ద అనిపించుకొంటున్నవాడిని. అయినా నోరు పెగలలేదు. రెండు రాత్రులు ఆలోచించిన మీదట నాకు తోచినది మీ ముందు పెడుతున్నాను. ఇట్టి లెక్కలు మన ఇండ్లలోని పిల్లలు చాలామంది వేస్తున్నారు గనుక ఇది మా ఒక్క ఇంటి సంగతి కాదు.

ముందుగా ఆ హక్కు ఏమిటో చూద్దాము. బీమాలో కొనేవాడు ముందు డబ్బు కడతాడు, షరతులన్నీ వ్రాసి ఉన్న పత్రము తరువాత చేతికి వస్తుంది. బట్టల కొట్టులో బట్టను పట్టి చూసినట్లు పాలసీని ముందే పట్టి చూడలేము. అందుచేత బీమా నియంత్రణ సంస్థ 2002లోనే ఒక నియమము పెట్టింది. పత్రము అందిన 15 దినములలోగా చదువుకొని, నచ్చని యెడల తిరిగి ఇచ్చివేయవచ్చును. 2024లో వచ్చిన నియమముల ప్రకారము ఈ గడువు 30 దినములైనది. దీనినే ఫ్రీ లుక్ అంటారు. రద్దు చేసుకొన్నప్పుడు, రక్షణ ఉన్న ఆ కొద్ది దినముల ఖరీదు, వైద్య పరీక్ష జరిగి ఉంటే దాని ఖర్చు, స్టాంపు రుసుము మినహాయించుకొని మిగిలినది తిరిగి ఇస్తారు.

ఇది మంచి నియమము. దీని వలన మనవారు చాలామంది బాగుపడగలరు. పింఛను సొమ్మును ఫిక్స్‌డ్ డిపాజిట్ చేద్దామని బ్యాంకుకు వెళ్ళి, అక్కడివారి మాట నమ్మి, ఏటేటా కట్టవలసిన పాలసీ మీద సంతకము చేసి ఇంటికి వచ్చిన పెద్దలు మన సంఘములలో ఉన్నారు. అట్టివారి కొరకే ఈ తలుపు తెరిచి ఉంచారు. వారు సిగ్గుపడవలసిన పని లేదు. పత్రము అందిన దినమును వ్రాసి పెట్టుకొని, 30 దినములు దాటకముందే వ్రాతపూర్వకముగా అడిగి, రసీదు తీసుకోవాలి. కంపెనీ పలుకని యెడల బీమా భరోసా అనే ప్రభుత్వ పోర్టల్ ఉన్నది. బీమా అంబుడ్స్‌మన్ కార్యాలయములు భువనేశ్వర్, చెన్నై, బెంగుళూరు, ముంబై, పూణె, హైదరాబాదు నగరములలో ఉన్నాయి. కాబట్టి రద్దు చేసుకొనుటయే తప్పు అని ఎవరూ అనుకోవద్దు. తీసుకొన్న రోజున మనసులో ఏమున్నదన్నదే నా ప్రశ్న.

నేను పనిచేసిన బడిలో నుండి ఒక మాట చెబుతాను. తరగతి జరుగుతుండగా పిల్లవాడు చిటికెనవేలు చూపించి "ఒంటికి వెళ్తానండీ" అంటాడు. ఏ ఉపాధ్యాయుడైనా పొమ్మంటాడు. ఆ అనుమతి అవసరమున్నవాడి కొరకు ఉన్నది. ఒక సంవత్సరము నా తరగతిలో నలుగురు పిల్లలు ఆ మాట చెప్పి బయటకు పోయి గోలీలు ఆడుకోవడము అలవాటు చేసుకొన్నారు. వాళ్ళు అడిగే మాటకూ, నిజముగా అవసరమైనవాడు అడిగే మాటకూ అక్షరము తేడా లేదు. నాకు తెలిసేదెట్లు? చివరకు విసిగి, ఇంటర్వెల్ వరకు ఎవరూ లేవకూడదన్నాను. మూడవ దినమున ఒక చిన్నవాడు బల్ల మీదనే తడుపుకొన్నాడు. వాడు ఏడ్చిన ఏడ్పు నాకు ఇప్పటికీ గుర్తున్నది. గోలీలు ఆడినవారికి ఏమీ కాలేదు. ఆ కఠినమైన ఆజ్ఞ పెట్టిన నా తప్పు కూడా అందులో ఉన్నదని ఒప్పుకొంటున్నాను. అయినా, అనుమతిని ఒకరు వట్టి సాకుగా వాడుకొంటే దాని శిక్ష వేరొకరి మీద పడుతుందని ఆ దినమున నేర్చుకొన్నాను.

జర్మన్ తత్త్వవేత్త ఇమ్మాన్యుయేల్ కాంట్ 1785లో ప్రచురించిన నీతిశాస్త్ర గ్రంథములో దీనికి దగ్గరి ఉదాహరణ ఉన్నది. ఒకడు తీర్చే ఉద్దేశము లేకుండానే తీరుస్తానని మాట ఇచ్చి అప్పు తీసుకొంటాడు. అందరూ అట్లే చేసిన యెడల ఏమగును? ఎవరి మాటనూ ఎవరూ నమ్మరు గనుక, అట్లు మాట ఇచ్చి అప్పు పుట్టించడమే సాధ్యము కాకుండా పోతుంది. అనగా అట్టివాడు, మిగిలినవారు నిజాయితీగా ఉన్నారన్న నమ్మకము మీదనే తన లాభమును కట్టుకొంటున్నాడు. మా మేనల్లుడి లెక్క కూడా అంతే. పాలసీ కొనేవారందరూ రద్దు చేసే ఉద్దేశముతోనే కొన్న యెడల ఆ 30 దినముల గడువును ఏ కంపెనీ భరించగలదు? అనేక బ్యాంకులు ఇప్పటికే బీమా చెల్లింపుల మీద ఇచ్చే పాయింట్లకు హద్దు పెట్టాయి. నిజముగా ఏటేటా ప్రీమియము కట్టుకొనే మనిషికి కూడా ఆ హద్దు తగులుతున్నది.

ఇక బీమా అనగా ఏమిటో జ్ఞాపకము చేసుకొందాము. 1744లో స్కాట్లండు దేశములో రాబర్ట్ వాలెస్, అలెగ్జాండర్ వెబ్‌స్టర్ అను ఇద్దరు పాదిరీలు, చనిపోయిన పాదిరీల భార్యాబిడ్డల కొరకు ఒక నిధిని నెలకొల్పారు. ఏటా ఎందరు చనిపోవచ్చునో లెక్క కట్టి, ప్రతివాడూ ఏటేటా ఎంత వేయాలో నిర్ణయించారు. గణిత పండితుడు కాలిన్ మక్లారిన్ ఆ లెక్కలు సరిచూశాడు. లెక్క మీద నిలబడిన బీమాకు తొలి ఉదాహరణలలో అది ఒకటి. మన సంఘములలో ఎవరైనా చనిపోయినప్పుడు ఇంటింటికీ ఇంత అని వేసుకొనే సహాయ నిధికి కూడా ఆధారము ఇదే. బతికి ఉన్నవారందరి చిల్లర డబ్బు ఒక విధవరాలి ఇంటికి బియ్యమవుతుంది. పాలసీ తీసుకొనుట అంటే ఆ వరుసలో నిలబడుట. నిలబడే ఉద్దేశము లేకుండా పేరు వ్రాయించుకొని, కాగితము, తపాలా, పరిశీలన ఖర్చులు పెట్టించి వెళ్ళిపోతే, మినహాయింపులలోకి రాని ఖర్చు చివరకు వరుసలో మిగిలినవారి మీదనే పడుతుంది. మనిషి ఒక్కింటికి పైసలే కావచ్చును. పైసలు గనుక తప్పు కాదని మాత్రము నేను పిల్లలకు నేర్పలేదు.

మరునాడు ఫోనులో ఇదంతా చెబితే మా వాడు మూడు మాటలు అడ్డము వేశాడు.

మొదటిది: "కంపెనీలు, బ్యాంకులు జనానికి అబద్ధాలు చెప్పి పాలసీలు అంటగట్టడము లేదా?" అంటగడుతున్నాయి. పైన చెప్పిన పెద్దల సంగతి నాకు తెలియనిదా? కాని ఆ పెద్దలకు జరిగిన అన్యాయమునకు వీడు ఏజెంటు చేత వట్టి చాకిరీ చేయించుకొనుట బదులు కాదు. ఒకరి అప్పును వేరొకరి దగ్గర వసూలు చేసినట్లున్నది.

రెండవది: "పాయింట్లు ఎర అని బ్యాంకుకు తెలుసు, నాకూ తెలుసు. ఇద్దరము తెలిసి ఆడే ఆట ఇది." ఈ మాటలో కొంత నిజమున్నది. మనచేత ఎక్కువ ఖర్చు చేయించుటకే ఆ బోనసు పెడతారు. ఎరను ఎరగా గుర్తించి, అవసరమైన ఖర్చులకే కార్డు వాడుకొని, వచ్చిన పాయింట్లు తీసుకొన్నవాడిని నేను తప్పుపట్టను. ఎటూ కట్టవలసిన ప్రీమియమును కార్డుతో కట్టినవాడిదీ తప్పు కాదు. అయితే మామూలుగా సొమ్ము కార్డుకే తిరిగి వస్తే ఆ పాయింట్లు రద్దవుతాయి. ఇక్కడ సొమ్ము బ్యాంకు ఖాతాకు వచ్చింది గనుక కార్డు ఇచ్చినవారికి ఆ సంగతి కనబడలేదు. ఎదుటివాడు చూడలేదన్న దాని మీదనే లాభము నిలబడిన యెడల, అది ఇద్దరూ తెలిసి ఆడే ఆట ఎట్లవుతుంది?

మూడవది: "ఎవరికీ నష్టము లేదు." అప్పుడు నేను ఆ సహోదరి సంగతి చెప్పాను. ఆమె వాడి కొరకు రెండు సార్లు ఇంటికి వచ్చి వివరములు తీసుకొన్నారు. ఆమెకు వచ్చిన కమిషను, పాలసీ రద్దు కాగానే తరువాతి నెల లెక్కలో వెనక్కి తీసుకొన్నారు. ఆ సొమ్ము అప్పటికే కూతురి హాస్టలు ఫీజుకు పోయింది. డబ్బు కంటె ఆమెను ఎక్కువ బాధించినది వేరొకటి ఉన్నది. తాను ఎక్కడో తప్పు చెప్పానని, అందుకే కుర్రవాడు వెనక్కి ఇచ్చాడని ఆమె నెల రోజులు తనను తాను నిందించుకొన్నారు. వాడు చాలాసేపు మాట్లాడలేదు.

అప్పుడు నేను వాడిని ఒక్క ప్రశ్న అడిగాను. "రద్దు చేసే ఫారములో కారణము అడిగారు గదా, ఏమి వ్రాశావు?"

"షరతులు నచ్చలేదని వ్రాశాను."

"చదివావా?"

"లేదు మామయ్యా."

రెండు రాత్రులు నేను వెదికినది ఇక్కడ దొరికినది. కొన్నవాడు ఏ కారణముతోనైనా రద్దు చేసుకొనవచ్చును, చట్టము అడ్డుపడదు. ఆ కారణమును వ్రాయమని మాత్రము అడుగుతారు. తప్పుగా అర్థము చేసుకొన్న పెద్దాయన ఆ గడిలో నిజము వ్రాయగలడు. ఉద్యోగము పోయి కట్టలేనివాడు నిజము వ్రాయగలడు. ఇంకొకచోట ఇంతకంటె మంచి పాలసీ చూసినవాడూ వ్రాయగలడు. పాయింట్ల కొరకు తీసుకొన్నవాడు మాత్రమే, "నేను ఉంచుకొనే ఉద్దేశముతో తీసుకోలేదు" అని వ్రాయలేక వేరొక మాట వెదుక్కొంటాడు. చట్టము తెలియకపోయినా, తత్త్వశాస్త్రము చదవకపోయినా, ఈ పరీక్ష ఎవరైనా తమకు తాము పెట్టుకొనవచ్చును. నిజమైన కారణమును ఆ గడిలో వ్రాసి, అమ్మినవారి చేతికి ఇచ్చి, వారి ముఖము చూడగలమా? చూడగలిగిన యెడల సంకోచము లేకుండా రద్దు చేసుకొనండి. చూడలేని యెడల ఆ పాలసీని మొదటనే తీసుకోవద్దు.

ఇందులో మరొక ప్రమాదము కూడా ఉన్నదని యౌవనస్థులకు చెబుతున్నాను. తిరిగి రావలసిన సొమ్ము ఆలస్యమై కార్డు గడువు దాటిన యెడల, నెలకు నూటికి మూడు రూపాయలకు పైగా వడ్డీ పడుతుంది. బీమా పాలసీల మీద తీసుకొన్న అప్పులను క్రెడిట్ కార్డుతో తీర్చే సదుపాయమును నియంత్రణ సంస్థ 2023లో ఆపివేసింది. అప్పుతో అప్పు తీర్చుట ఎవరికీ క్షేమము కాదు.

మా వాడు పోయిన నెలలో ఊరికి వచ్చినప్పుడు ఆ సహోదరి ఇంటికి వెళ్ళాడు. నేను తోడు వెళ్ళలేదు, వెళ్ళమని బలవంతపెట్టనూ లేదు. జరిగినది జరిగినట్లు చెప్పి, ఆమె నష్టపోయిన సొమ్ము ఇవ్వబోయాడట. ఆమె కొంతసేపు ఊరుకొని, "అయితే నేను తప్పు చెప్పలేదన్నమాట" అన్నారట. సొమ్ము తీసుకొన్నారు. తీసుకోవడమే న్యాయము, అది ఆమె కష్టార్జితము.

ఆ పాయింట్లను ఏమి చేయాలని వాడు నన్ను అడిగాడు. వాటిని తిరిగి ఇచ్చుటకు బ్యాంకు ఫారములలో గడి ఏదీ లేదు. నేను కూడా జవాబు చెప్పలేదు. వాడు ఇంకా వాటిని వాడలేదని మాత్రము నాకు తెలుసు.