చేసేవాడు అంటే ఎవరు?

మనిషంటే చేసిన పనుల మొత్తమా, చేస్తూ వచ్చిన తీరా? ఈ ప్రశ్నకు తెలుగు వ్యాకరణం ఒక జవాబు దాచుకుంది. "తాత ఆ కొండమీద సాగు చేశాడు" అంటే ఒక పని జరిగిపోయింది. "సాగు చేసేవాడు" అంటే సంగతి వేరు. స్పానిష్‌లోనూ ఈ తేడా ఉంది: ముగిసిన సాగుకు కుల్తిబో, అలవాటుగా సాగినదానికి కుల్తిబాబా. ఈ రెండో కాలంలో నియమం తప్పే క్రియలు మూడే. మిగతావాటిలో -ar తో ముగిసేవన్నీ కుల్తిబాబా, కుల్తిబాబాస్, కుల్తిబాబమోస్ అన్నట్టే నడుస్తాయి. అక్కడ క్రియ చివర మారుతుంది, అంతే. తెలుగులో క్రియే మనిషైపోతుంది: చేసే వాడు. వ్యతిరేకార్థం చూడండి. "చేశాడు"కు "చేయలేదు", "చేసేవాడు"కు "చేసేవాడు కాదు". లేదు అన్నది పనిని కొట్టేస్తుంది. కాదు అన్నది అతను ఎవరన్నదాన్నే కొట్టేస్తుంది.

అలవాటంటే పనుల లెక్కే కదా, పదిసార్లు చేస్తే "చేసేవాడు" అంటాం, అనవచ్చు. ఉత్తరాంధ్రలోని కురుపాం, గుమ్మలక్ష్మీపురం కొండల పోడు సాగు ఈ లెక్కకు లొంగదు. అక్కడి సవర, జాతాపు గిరిజనుల పాత పద్ధతిలో కొన్నేళ్లు చోళ్లు, సామలు, కందులు పండించి, నేల అలిసిపోతే వదిలేసేవారు. పొదలు పెరిగి, ఆకు రాలి, సారం తిరిగొచ్చాక మళ్ళీ కత్తి పట్టేవారు. వదిలేసిన ఏళ్లలో అక్కడ ఒక్క గింజా పడలేదు. అయినా పోడు రైతు ఆ నేల సాగు చేసేవాడే, ఎందుకంటే ఆ విరామం కూడా సాగులో భాగమే. పనులు మాత్రమే లెక్కపెట్టేవారికి ఆ ఏళ్లలో కనబడేది ఖాళీ అడవి.

జ్ఞాపకం అతిశయిస్తుందన్న అభ్యంతరం మాత్రం బరువైనదే. "చేసేవాడు" అనే తేదీ లేని మాటను ఎలా నమ్మాలి? కానీ అలవాటు గురించి అబద్ధమాడటం ఒక్క రోజు గురించి అబద్ధమాడటం కంటే కష్టం. ఒక రోజుకు సాక్షి ఒకరు ఉండొచ్చు, ఉండకపోవచ్చు. ఏళ్ల తరబడి బతుకుకు ఊరంతా సాక్షి. 2006 అటవీ హక్కుల చట్టం భూమి 2005 డిసెంబర్ 13కు ముందు నుంచీ చేతిలో ఉండాలని తేదీ పెట్టింది. అయినా దాని నియమాలు హక్కు కోరేవారు కాక ఇతర పెద్దలు చెప్పి రాయించిన మాటనూ సాక్ష్యంగా ఒప్పుకున్నాయి. ఆ మాట రాసుకునే ఉద్యోగులకు ఒక్క విన్నపం: పెద్దాయన "చేసేవాళ్ళం" అంటే "చేశాము" అని దిద్దకండి. ఆయన అన్నట్టే రాయండి.