సొరుగులో బంగారం

మా బీరువా సొరుగులో నాలుగు పాత సెల్‌ఫోన్లు మూలుగుతున్నాయి. పారెయ్యడానికి చేతులు రావు. దాచినా ప్రయోజనం లేదు. పోనీ పాతసామాన్లవాడికి వేద్దామంటే, రాగి కోసం ఎక్కడో ఎవరో వైర్లు తగలబెడతారనీ, ఆ పొగ అక్కడి పసిపిల్లలు పీలుస్తారనీ తెలిసీ ఎలా వెయ్యను? మనిల్లు ఊడ్చి, ఆ చెత్త పక్కవాళ్ళ వాకిట్లో పోస్తే అది శుభ్రత ఎలా అవుతుంది?

ఈ ఇబ్బంది జపాను ఇల్లాళ్ళకీ ఉండే ఉంటుంది. 2021లో జరిగిన టోక్యో ఒలింపిక్స్ పతకాల కోసం అక్కడ 2017 ఏప్రిల్ నుంచి 2019 మార్చి దాకా పాత ఎలక్ట్రానిక్ సామాను పోగుచేశారు. 1,621 పురపాలక సంఘాలు, అంటే దేశంలో నూటికి తొంభైకి పైగా, చేతులు కలిపాయి. వాటి ద్వారా దాదాపు 79 వేల టన్నుల సామానూ, ఫోను దుకాణాల ద్వారా 62 లక్షల ఫోన్లూ వచ్చాయి. తీసిన బంగారం 32 కిలోలు, వెండి 3,500 కిలోలు. దాదాపు 5,000 పతకాలకి సరిపోయింది.

ఒక్క ఫోనులో ఉండే బంగారం నలుసంత. దాంతో ఒక ఇల్లాలు గానీ, ఒక ఊరు గానీ ఏం చేసుకుంటుంది? ఊళ్ళన్నీ కలిశాయి కనకే అది పతకమైంది.

మంచితనం ఎవరికి వారి సొంత గుణమని ఇన్నాళ్ళూ అనుకున్నాను. మంచి మనసొక్కటీ చాలదు, అది దారి తప్పకుండా వీధి చివర ఓ డబ్బా కూడా ఉండాలని ఇప్పుడనిపిస్తోంది. డబ్బా పెట్టడం మునిసిపాలిటీ పని. పెట్టమని అడగడం మాత్రం మన పనే. చీటీలు కట్టడానికి ఇరవై ఇళ్ళని కూడగట్టగల మనం, దీనికి కూడగట్టలేమా?

నేనింతవరకూ అడగలేదు. అందుకే ఆ సొరుగు తెరిచినప్పుడల్లా సిగ్గేస్తోంది.