మన గదిలోనే, తన పక్క మీద

మా అమ్మాయి పురుడు పొయ్యడానికి డాలస్ వచ్చినప్పుడు, వెంట తెచ్చుకున్న పాత నేతచీర చించి, ఇండియన్ స్టోర్‌లో ఆవాలు కొని ఆవాల దిండు కుట్టాను. తల గుండ్రంగా రావాలని మా అమ్మ నా పిల్లలకు కుట్టిందీ అలాంటిదే. మనవరాలు ఆస్పత్రి నుంచి ఇంటికొచ్చిన రోజే అల్లుడు దాన్ని తీసి అలమరలో పెట్టాడు. "అత్తయ్యగారూ, క్రిబ్‌లో పాప తప్ప ఇంకేమీ ఉండకూడదట" అన్నాడు. మనసు చివుక్కుమంది. తర్వాత పిల్లల డాక్టరు ఓపిగ్గా కారణాలు చెప్పారు. అవి విన్నాక నా బాధ పోయింది. సాటి అమ్మమ్మలకు, నానమ్మలకు ఆ మాటలు చేరాలని ఇది రాస్తున్నాను.

అమెరికాలో ఏటా సుమారు 3,500 మంది పసిబిడ్డలు నిద్రలోనే హఠాత్తుగా ప్రాణం విడుస్తున్నారు. ఈ మరణాల్లో కొన్ని దిండో దుప్పటో ముక్కుకు అడ్డుపడి, ఊపిరాడక జరిగేవి. కొన్నిటికి ఎంత వెతికినా కారణం దొరకదు. రెండో నెల నుంచి నాలుగో నెల దాకా ముప్పు ఎక్కువ. మన ఊళ్ళలోనూ ఇలాంటివి జరిగేవి. బాలారిష్టమని, దిష్టి అని సరిపెట్టుకుని కన్నీళ్ళు తుడుచుకున్న ఇళ్ళు నాకు తెలుసు.

డాక్టరు చెప్పిన మొదటి మాట, బిడ్డను ఎప్పుడూ వెల్లకిలా పడుకోబెట్టమని. ఇది మనకు కొత్త కాదు. బోర్లా పడితే బొబ్బట్లు, అడుగులేస్తే అరిసెలు పంచే జాతి మనది. వెల్లకిలా పడుకున్న బిడ్డ తనంతట తాను బోర్లా పడ్డ రోజును పండుగ చేసుకున్నాం. అమెరికాలో మాత్రం చాలా ఏళ్ళు బోర్లా పడుకోబెట్టడమే మంచిదనుకున్నారు. 1992లో ఇక్కడి పిల్లల వైద్యుల సంఘం ఆ సలహాను మార్చింది. 1994 నుంచి దేశమంతటా ప్రచారం చేశారు. ఆ తర్వాత పదేళ్ళలో, కారణం తెలియని ఆ మరణాలు దాదాపు సగానికి తగ్గాయి.

వెల్లకిలా పడుకుంటే కక్కిన పాలు పొలమారవా అని నేనూ అడిగాను. ఆ భంగిమలో గాలిగొట్టం పైన, అన్నవాహిక కింద ఉంటాయట. పాలు గాలిగొట్టంలోకి వెళ్ళాలంటే ఎదురెక్కాలి. బోర్లా పడుకుంటేనే ఆ రక్షణ పోతుంది. బిడ్డ అటూ ఇటూ తనే దొర్లడం నేర్చాక నిద్రలో బోర్లా తిరిగితే భయపడక్కర్లేదు. అయినా ఏడాది నిండేదాకా మనం పడుకోబెట్టేది వెల్లకిలానే. తల చదునవుతుందని బెంగ ఉంటే, మెలకువగా ఉన్నప్పుడు మన కళ్ళెదుట కాసేపు బోర్లా పడుకోబెట్టాలి. ఆవాల దిండు చేస్తుందనుకున్న పని అదే చేస్తుంది, మెడకూ బలం వస్తుంది.

రెండో మాట పక్క గురించి. మా ఊళ్ళో బాలింత నులక మంచం మీదో, చాప మీద పరిచిన బొంత మీదో పడుకునేది. పక్కన అమ్మో పెద్దమ్మో పిన్నో ఎవరో ఒకరు మేలుకునే ఉండేవారు. ఇక్కడి పరుపు మీద చెయ్యి పెడితే లోపలికి దిగిపోతుంది. పైన మందపాటి కంఫర్టర్. పక్కన మేలుకుని ఉండే మనుషులు లేరు, ఉన్నది నిద్ర కరువైన ఇద్దరే. అందుకే బిడ్డకు గట్టిగా, చదునుగా ఉండే పరుపు, దానికి బిగుతుగా తొడిగిన షీట్ ఉన్న వేరే క్రిబ్ కావాలి. కనీసం మొదటి ఆరు నెలలు ఆ క్రిబ్ తల్లిదండ్రుల గదిలోనే ఉండాలని వైద్యులే చెబుతున్నారు. పసిబిడ్డను ఒంటరిగా వేరే గదిలో వదలకూడదన్న మన పెద్దల మనసుకు ఇది ఎంత దగ్గర! అర్ధరాత్రి సోఫాలో పాలిస్తూ కునుకు తీయడం మాత్రం అన్నిటికన్నా ప్రమాదం. తల్లికి రెప్పలు వాలుతుంటే బిడ్డను అందుకోవాల్సింది మనమే.

మన ఆచారాల్లో సవరించుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. మెడలో దిష్టి తాడు, గొలుసు వద్దు. బుగ్గన దిష్టి చుక్క చాలు. హీటర్ ఉన్న ఇంట్లో మంకీ క్యాప్, రెండు స్వెటర్లు వద్దు. మనం తొడుక్కున్నదానికన్నా ఒక్క పొర ఎక్కువ చాలు. చీర ఉయ్యాలలో బిడ్డ వంగి, గడ్డం రొమ్ముకు ఆనుతుంది, అప్పుడు గాలి ఆడదు. ఎత్తుకుని ఊపండి, జోలపాట పాడండి. నిద్ర పట్టాక క్రిబ్‌లో వెయ్యండి. బారసాల నాడు తొట్టెను పూలతో అలంకరించుకోవచ్చు, కానీ ఆ అలంకరణ ఉన్న తొట్టెలో బిడ్డను నిద్రపుచ్చకండి. ఇంట్లో పొగ తాగేవాళ్ళుంటే మానేయాలి. వాలుగా ఉండే పడకలను, క్రిబ్ చుట్టూ కట్టే మెత్తలను అమ్మకూడదని 2022లో ఈ దేశం చట్టమే చేసింది. ఎవరైనా ప్రేమతో అలాంటి పాతవి ఇచ్చినా తీసుకోవద్దు.

ఇన్ని మార్చుకుంటే మన విలువల్లో ఏం మిగులుతుందని ఒక స్నేహితురాలు అడిగింది. ఆవాల దిండు ఒక వస్తువు. బిడ్డ కోసం నిద్ర మానుకోవడం విలువ. మా అమ్మ దగ్గర నేను నేర్చుకున్నది ఆ రెండోదే.

అల్లుళ్ళకు, కోడళ్ళకు ఒక మాట. పెద్దవాళ్ళు తెచ్చిన వస్తువును తీసి పక్కన పెట్టేటప్పుడు కారణం కూడా చెప్పండి. వీలైతే డాక్టరు దగ్గరికి వాళ్ళనూ తీసుకెళ్ళండి. ఇండియా నుంచి బయల్దేరుతున్న అమ్మమ్మలకు, నానమ్మలకు నా విన్నపం: దిండ్లు, బొంతలు కుట్టకండి. ఆ వేళలో నాలుగు జోలపాటలు గుర్తు చేసుకుని రండి. బిడ్డను మీ కళ్ళెదుట, తన పక్క మీద, వెల్లకిలా పడుకోబెట్టండి.