తొలిచూలు – దంపతుల దీక్ష

కృష్ణాతీరమున మట్టపల్లి లక్ష్మీనరసింహస్వామి సన్నిధిలోను, మూసీ వచ్చి కృష్ణలో కలియు వాడపల్లి క్షేత్రమునను సంతానార్థులై ప్రదక్షిణములు చేయు దంపతులను సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ప్రాంతముల భక్తులు ఎరుగుదురు. తడిబట్టలతో తిరిగి, ముడుపులు గట్టి, స్వామిని బిడ్డ నడుగుదురు. ప్రార్థన ఫలించి నెల తప్పిన వార్త ఇంటికి వచ్చిన పిదప ఆ దీక్ష ఏమగుచున్నది? భార్య పుట్టింటి ముచ్చటలకును, భర్త తన పనులకును మరలుదురు. అడుగుటకు ఇంత నియమము గలదే, అడిగినదానిని అందుకొనుటకు నియమము లేదా?

ఉన్నది. అదియే సీమంతోన్నయనము. షోడశ సంస్కారములలో మూడవదైన దీనిని తొలిచూలునకు మాత్రమే చేయవలెనని పెక్కురి మతము. నేడు సీమంతమనగా గాజులు, పూలజడ, చలిమిడి, ఫోటోలు. ఇవి ముచ్చటలే, తప్పు లేదు. కాని గృహ్యసూత్రములలో ఈ కర్మకు కర్త భర్త. అతడే మేడికాయల గుత్తియు, దర్భలును, మూడు తెల్లని మచ్చలు గల ఏదుపంది ముల్లును చేతబట్టి భార్య పాపటను పైకి తీర్చవలెను. అప్పుడు వీణాగానము చేయువారు తాము ఏ నదీతీరమున వసింతురో ఆ నది పేరు చెప్పి పాడుదురు. సూర్యాపేట వారికి అది మూసీ. తక్కిన రెండు ఊళ్ళ వారికి కృష్ణ. సాగరు ఎడమకాల్వ గుండా వారి పొలములకు వచ్చునది ఆ నీరే గదా. పుట్టబోవు బిడ్డకు తన ఊరి యేరు ముందుగా వినిపించుట ఎంత చక్కని ఆలోచన! ఇప్పటి సీమంతములలో భర్త ఒక మూల నిలుచుండి అతిథులకు తాంబూలము లందించుచున్నాడు.

గర్భిణిని నిండా నూనె పోసిన పాత్రను తొణకకుండ మోయునట్లు చూచుకొనవలెనని చరకుడు చెప్పినాడు. సుశ్రుతుడు ఆమెను రెండు హృదయములు గలదానినిగా భావించినాడు. గర్భిణీపతి దూరప్రయాణములు మానవలెనని ధర్మశాస్త్రకారులు విధించిరి. దీని భావము సులభము: అతడు పిలుపునకు అందునంత దూరమున ఉండవలెను. తొలికాన్పు పుట్టింట జరుగుట మన ఆచారము. అంతమాత్రమున అల్లునికి పని తీరినట్లు కాదు. ప్రతి నెల 9వ తేదీన ప్రభుత్వ వైద్యశాలలలో గర్భిణులకు ఉచితముగా పరీక్షలు చేయు ఏర్పాటు 2016 నుండి కలదు. ఆ దినమున అత్తగారితోపాటు అల్లుడును వెంటనుండుట ఈ కాలపు గర్భిణీపతి ధర్మములలో చేర్పదగినది.

హిరణ్యకశిపుడు మందరాద్రిపై తపమునకు పోయినప్పుడు గర్భవతియైన అతని భార్య కయాధువును, తెలుగువారు లీలావతి యని పిలుచు సాధ్విని, ఇంద్రుడు చెరపట్టెను. నారదుడు విడిపించి ఆశ్రమమునకు గొనిపోయి, భర్త మరలి వచ్చువరకు ఆదరించి ధర్మము బోధించెను. ఆ మాటలను తల్లి మరచినను గర్భస్థుడైన ప్రహ్లాదుడు మరువలేదు. ఇచట విచారింపదగినది మరొకటి గలదు. భర్త చెంతలేని ఆ నెలలలో ఆమెకు భయము లేని చోటు దొరకినది. బోధ తరువాతి మాట, ముందు అభయము. గర్భిణి ఎదుట కట్నపు లెక్కలు తీయు ఇండ్లలో, మగబిడ్డయే కావలెనని నిష్ఠూరములాడు ఇండ్లలో ఎన్ని పురాణములు చదివించిన నేమి?

భాగవతము ప్రకారము ఆమె ఇచ్ఛాప్రసూతిని, అనగా తాను కోరినప్పుడు ప్రసవించుటను గూడ ఆశించి నారదుని సేవించినది. ఈ మాటను పట్టుకొని కొందరు ముహూర్తపు కాన్పులకు ప్రమాణము గలదందురేమో. ఆమె కోరినది భర్త వచ్చువరకు నిలువగల క్షేమమును; పంచాంగము చూచి శస్త్రముతో కోయించుటను కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారము తెలంగాణలో నూటికి 60.7 కాన్పులు శస్త్రచికిత్సతో జరిగినవి. దేశమంతట చూడగా 21.5 మాత్రమే. ప్రాణాపాయమున శస్త్రచికిత్స సంజీవని, దానిని నిందించుట మూఢత్వము. కాని కారణములలో ముహూర్తము గూడ ఒకటి యగుట పండితులకు తలవంపు. గర్భాధానమునకు, సీమంతమునకు ముహూర్తము గలదు. జననమునకు కాలము గుర్తించి జాతకము వ్రాయుటయే గాని, కాలము నిర్ణయించుట జ్యోతిషుని పని కాదు. అష్టమీ నవములు మంచివి కావని లోకులు పనులు మానుకొందురు. శ్రీకృష్ణుడు అష్టమి నాడు, నడిరేయి, చెరసాలలో, మేనమామకు కీడని చెప్పుకొను రోహిణిలో అవతరించెను. శ్రీరాముడు నవమి నాడు జన్మించెను. ఆ వేళ ఐదు గ్రహములు ఉచ్చలో నుండెనందురా? వానిని దశరథుడు ఎన్నుకొనలేదు. పన్నెండవ మాసము వరకు వేచియుండెను.

వాడపల్లిలో స్వామి ముఖము చెంతనున్న దీపము స్వామి ఉచ్ఛ్వాస నిశ్వాసములకు కదలుచుండునని, క్రింది దీపము నిశ్చలముగా నుండునని భక్తులు చూచి చేతులు మోడ్తురు. 39 వారములు నిండకయే, అవసరము లేకయే వెలికి తీసిన బిడ్డలలో ఊపిరి యిబ్బంది అధికమని వైద్యులు చెప్పుచున్నారు. ఆ దీపమునకు మ్రొక్కి వచ్చినవారు దైవజ్ఞుని కడ కాన్పు ఘడియ అడుగుట ఎట్లు పొసగును?

పుట్టిన పిదప సంగతులు కొన్ని. మురుపాలు చెడ్డవని పిండి పారబోయు అలవాటు ఇంకను కొన్ని ఇండ్లలో కలదు. అవియే బిడ్డకు తొలి రక్ష, గంటలోపల పట్టవలెను. జాతకర్మలో తేనె, నెయ్యి నాకించు విధి గలదు గాని, ఏడాది నిండని శిశువునకు తేనె తగదని నేటి వైద్యము నిశ్చయించినది. మంత్రము చెప్పి, ఆ తేనెను దేవునికి నివేదించి ప్రక్కనుంచిన కర్మకు లోపము రాదు. బాలింతకు దాహమైనను నీరీయని పథ్యము మాత్రము ఏ శాస్త్రమునను లేదు. పురుడు అంటరాదనుట ఆమెకు విశ్రాంతి కొరకు. ఆ పది దినములు కోదాడ అల్లుడు మిర్యాలగూడ అత్తవారింటికి బస్సులో వచ్చి, వాకిట కూర్చుండియైనను, భార్యను పలుకరించి, ఆమె తినినదా, నిద్రించినదా యని అడిగి పోవచ్చును. దానికి మైల అడ్డు రాదు.